నూనె రాస్తున్నా ఎండిపోతున్న ముఖం: 58 ఏళ్ల క్లయింట్‌తో 14 వారాలు

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చోగానే నాకు ముందు కనిపించింది నుదుటి మీద మెరుపు. చూపు కాస్త కిందికి దించితే బుగ్గల మీద తెల్లగా పొట్టు. ఒకే ముఖం మీద జిడ్డూ ఉంది, పొడిదనమూ ఉంది. "రెండు నెలల నుంచి రోజూ నూనె రాస్తున్నానమ్మా. అయినా మధ్యాహ్నానికల్లా మొహం బిగదీసుకుపోతోంది. గట్టిగా నవ్వితే చర్మం పగులుతుందేమో అన్నట్టుంటోంది" అన్నారు.

నేను స్కిన్ థెరపిస్ట్‌ని, డాక్టర్‌ని కాను. యాభై దాటిన ఆడవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ బాధతోనే. అందులో ఈ కేసు వివరంగా రాయాలనిపించింది. ఆవిడ తెలియక చేసిన పొరపాట్లు ఇందులో ఉన్నాయి, తెలిసీ నేను చేసిన పొరపాటు ఒకటుంది, మధ్యలో అనుకోకుండా జరిగిపోయిన ఒక పరీక్ష కూడా ఉంది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదటి రోజు

వయసు 58. నెలసరి ఆగి ఏడేళ్లు. థైరాయిడ్ గురించి అడిగాను, ఎందుకంటే థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే చర్మం ఇలాగే ఎండిపోతుంది, దానికి ముఖం మీద ఎంత రాసినా లాభం ఉండదు. ఈమధ్యే పరీక్ష చేయించుకున్నారట, అంతా మామూలుగానే ఉందట. షుగర్ లేదు. చేతివేళ్ల కీళ్లలో మాత్రం నొప్పులున్నాయి. అప్పుడు ఊరికే రాసుకున్న ఆ సంగతి తర్వాత చాలా పనికొచ్చింది.

రోజూ ఏం చేస్తున్నారో వరసగా చెప్పమన్నాను. ఉదయం, సాయంత్రం బాగా నురగ వచ్చే ఫేస్‌వాష్, అదీ వేడినీళ్లతో. ముఖం బాగా తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడు అరచేతి గుంట నిండా ఆలివ్ నూనె తీసుకుని పది నిమిషాలు రుద్దడం. ఆ నూనెలో వాసన కోసం లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ (మొక్క నుంచి తీసిన గాఢమైన సువాసన సారం) నాలుగు చుక్కలు. మొదటి వారం హాయిగానే ఉందట. మూడు వారాలుగా మాత్రం బుగ్గలు ఎర్రబడుతున్నాయి, నీళ్లు తగిలినా చురుక్కుమంటున్నాయి. మంట పుట్టిన కొద్దీ, నూనె చాలడం లేదేమో అనుకుని ఇంకాస్త ఎక్కువ రాశారు.

లెన్స్ కింద చూస్తే బుగ్గల మీద సన్నటి గీతలు, వాటి అంచుల్లో పైకి లేచిన పొట్టు. నూనె ఆ పొట్టును చర్మానికి అతికించి పెట్టింది. అందుకే పైపైన చూస్తే నున్నగా ఉంది, వేలి కొసతో అడ్డంగా రాస్తే గరుకు తెలుస్తోంది. ముక్కుకి రెండు పక్కలా, కనుబొమల్లో ఉన్న పొట్టు మాత్రం వేరే రకం. కొంచెం పసుపు రంగులో, జిడ్డుగా, కింద చర్మం ఎర్రగా ఉంది. ఎండిపోయిన చర్మం నుంచి రాలే పొట్టు పొడిగా, తెల్లగా ఉంటుంది. ఈ పొట్టు అలా లేదు.

అక్కడే ఆగిపోయాను. "మేడమ్, బుగ్గల సంగతి నేను చూస్తాను. ముక్కు పక్కన ఉన్నది ముందు డెర్మటాలజిస్ట్‌కి చూపించి రండి. ఆయన చెప్పేదాకా నేను ఏ నూనె ఇవ్వను" అన్నాను. ఆవిడకి కాస్త నిరాశ అనిపించినట్టుంది. కానీ వెళ్లారు. సెబోరిక్ డెర్మటైటిస్ (జిడ్డు ఊరే చోట్ల ఎరుపు, పొట్టు వచ్చే చర్మ సమస్య) అని చెప్పి డాక్టర్ యాంటీఫంగల్ క్రీమ్, అంటే ఫంగస్‌ని తగ్గించే మందు, రాశారు.

నూనెల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది వదిలేసే విషయం ఇది. ఈ సమస్యతో ముడిపడిన మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) దాదాపు అందరి చర్మం మీదా ఉంటుంది. దానికి కావలసిన కొవ్వు ఆమ్లాలను అది సొంతంగా తయారు చేసుకోలేదు, బయటి నుంచే తీసుకోవాలి. ల్యాబుల్లో దాన్ని పెంచేటప్పుడు పైన ఆలివ్ నూనె పోస్తారు. ఈ తత్వం ఉన్న ముఖానికి రోజూ ఆలివ్ నూనె పట్టిస్తే ఎవరికి మేత వేస్తున్నట్టో చెప్పనక్కర్లేదు. అందుకే వయసు మీదపడిన ముఖంలో ఎక్కడ పొట్టు కనిపించినా పొడిదనం అనుకుని నూనె అందుకోకండి. పొట్టు రంగు చూడండి, ఎక్కడుందో చూడండి, వేలితో తాకి చూడండి. ఎండ తగిలే చోట గరుకు కాగితంలా తగిలే మచ్చ ఎన్ని రోజులు మాయిశ్చరైజర్ రాసినా పోకపోతే, అది కూడా డాక్టర్ చూడాల్సిందే.

ఆలివ్ నూనె ఎందుకు పడలేదు

ఆవిడ అడిగిన ప్రశ్న ఇదే. "ఆలివ్ నూనె మంచిదంటారు కదమ్మా, నాకెందుకు పడలేదు?"

చర్మం పైపొరను ఇటుక గోడలా ఊహించుకోమన్నాను. చదునైన మృతకణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వులు సిమెంటు. ఆ సిమెంటులో బరువు ప్రకారం దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. గోడ గట్టిగా ఉంటే లోపలి తేమ లోపలే ఉంటుంది. సిమెంటు సడలితే నీరు ఆవిరై పోతూనే ఉంటుంది, బయటి చికాకులు లోపలికి వస్తుంటాయి.

మొక్కల నూనెల్లో ప్రధానంగా ఉండేవి ట్రైగ్లిజరైడ్లు, అంటే మూడేసి కొవ్వు ఆమ్లాలు కలిసి ఉన్న కొవ్వులు. ఏ నూనె రాసినా ఆ సిమెంటుని యథాతథంగా తెచ్చి పెట్టినట్టు కాదు. కాకపోతే నూనెలో ఏ కొవ్వు ఆమ్లం ఎక్కువగా ఉందనేది చర్మానికి తేడా తెస్తుంది. లినోలీక్ ఆమ్లం మన శరీరం తయారు చేసుకోలేనిది. పైపొరలోని కొన్ని ముఖ్యమైన సెరమైడ్ల తయారీకి అది కావాలి. ఓలీక్ ఆమ్లం స్వభావం వేరు. అది ఆ కొవ్వుల వరసను వదులు చేస్తుంది. చర్మం గుండా మందు లోపలికి వెళ్లడానికి సాయంగా దాన్ని వాడేది ఆ గుణం ఉంది కనుకే. ఆలివ్ నూనెలో సగం కంటే ఎక్కువ, కొన్ని రకాల్లో 80 శాతం దాకా ఓలీక్ ఆమ్లమే ఉంటుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో లినోలీక్‌ది పైచేయి.

2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్ల ముంజేతులకు కొన్ని వారాల పాటు రోజుకి రెండుసార్లు నూనె చుక్కలు రాసి చూశారు. ఆలివ్ నూనె రాసిన చోట పైపొర పటుత్వం తగ్గి కొద్దిగా ఎర్రబడింది. పొద్దుతిరుగుడు నూనె రాసిన చోట అలా జరగలేదు, తేమ కూడా మెరుగైంది. పాల్గొన్నది 19 మందే, రాసింది ముంజేతికి. అంత చిన్న అధ్యయనం పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదు. కానీ నేను ముఖాల మీద చూసేది దానికి దగ్గరగానే ఉంటుంది.

ఆలివ్ నూనెతో సరిపెట్టుకునే ముఖాలు లేవా అంటే ఉన్నాయి. నూనె ఎక్కువ ఊరే వయసులో గోడ మీద మరో పూత ఉంటుంది. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్లలో సీబం, అంటే చర్మంలో సహజంగా ఊరే నూనె, తగ్గిపోతుంది. యవ్వనంలో దాదాపు 28 రోజుల్లో కొత్తదయ్యే పైపొరకి ఇప్పుడు 40 రోజులు దాటుతుంది. అంటే ఒకసారి పాడైతే బాగవడానికీ అంతే ఎక్కువ కాలం పడుతుంది. ఆవిడ విషయంలో నురగ ఫేస్‌వాష్, వేడినీళ్లు గోడని ముందే బలహీనం చేశాయి. ఆ మీద నూనె, ఆ మీద లావెండర్. లావెండర్‌లో ఉండే లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే అలర్జీ తెప్పించే పదార్థాలుగా మారుతుంది. మొక్క నుంచి వచ్చిందే కదా అని ఎసెన్షియల్ ఆయిల్‌ని, గింజల నుంచి తీసిన నూనెని ఒకే గాటన కట్టకూడదు. పేరులో నూనె ఉన్నా రెండూ పూర్తిగా వేర్వేరు వస్తువులు. పెద్ద వయసు ముఖాలకి నేను ఎసెన్షియల్ ఆయిల్స్ అసలు వాడను.

ముందు అన్నీ ఆపడం

మొదటి రెండు వారాలు నూనె బంద్. నురగ ఫేస్‌వాష్ బంద్. ఉదయం ఉత్త గోరువెచ్చని నీళ్లు, రాత్రి నురగ రాని మెత్తటి క్లెన్సర్. సువాసనలు కలపని, తేమని పట్టి ఉంచే గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న మామూలు క్రీమ్ రెండు పూటలా. ముక్కు పక్కన డాక్టర్ ఇచ్చిన మందు. ఇంతే.

ఆవిడకి ఇదే కష్టమైంది. "నూనె మానేస్తే ఇంకా ఎండిపోదా?" అని రెండుసార్లు ఫోన్ చేశారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఏదో ఒకటి రాస్తూ ఉంటే ముఖానికి మేలు చేస్తున్నామన్న ధైర్యం ఉంటుంది, ఏమీ చేయకుండా కూర్చోవడం కష్టం. పదో రోజుకి నీళ్లు తగిలితే వచ్చే చురుకు తగ్గింది. రెండు వారాలయ్యేసరికి ఎరుపు సగానికి దిగింది. బిగుతు మాత్రం అలాగే ఉంది.

నా పొరపాటు

బుగ్గలకి మొదట నేను ఎంచుకున్నది రోజ్‌హిప్ (అడవి గులాబీ కాయ) గింజల నూనె. లినోలీక్ బాగా ఉంటుంది, పల్చగా ఉంటుంది, జిడ్డు తెలియదు. ముఖానికి రాసే ముందు పది రోజులు మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు రాసి చూడమన్నాను. ఒక్కసారి రాసి మర్నాడు చూస్తే సరిపోదు, కొన్ని అలర్జీలు వారం దాటాకే బయటపడతాయి. పరీక్ష కోసం నా షెల్ఫ్‌లో ఉన్న సీసాలోంచే చిన్న డబ్బాలో కొంత పోసిచ్చాను.

నాలుగో రోజు ఆవిడ వచ్చి చెయ్యి చూపించారు. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, దురద. డబ్బా తెరిచి ఒక చుక్క అరచేతిలో వేసుకున్నాను. రెండు చేతులూ రుద్ది, వేడెక్కాక ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తాజా రోజ్‌హిప్ నూనెకి పచ్చి ఆకులాంటి, కట్టెలాంటి వాసన ఉంటుంది. ఇదేమో తలుపులకి వేసే ఆయిల్ పెయింట్ వాసన కొట్టింది. సీసా తెరిచి అయిదు నెలలైంది. ఎప్పుడు తెరిచానో దాని మీద రాసి పెట్టుకోలేదు, కిటికీ వెలుతురు పడే అరలో ఉంచాను. రోజ్‌హిప్‌లో లినోలీక్‌తో పాటు లినోలెనిక్ ఆమ్లం కూడా ఎక్కువ. దాంట్లో ద్విబంధాలు (ఆక్సిజన్ సులువుగా దాడి చేసే జంట బంధాలు) మూడు. ఎన్ని ద్విబంధాలుంటే నూనె అంత త్వరగా గాలికి, వెలుతురుకి పాడవుతుంది. గోడకి మేలు చేసే గుణం, త్వరగా పాడయ్యే గుణం ఒకే చోట ఉంటాయి. ఈ సంగతి ఇంకొకరికి చెప్పే పనిలో ఉన్నదాన్ని, ఆ సీసా ఇచ్చే ముందు ఒక్కసారి వాసన చూసి ఉండాల్సింది.

ఆవిడకి క్షమాపణ చెప్పాను. సీసా పారేశాను. ఆ మచ్చ తగ్గడానికి వారం పట్టింది. అప్పటి నుంచి నా దగ్గర ప్రతి సీసా మీద తెరిచిన తేదీ ఉంటుంది. ముదురు రంగు సీసాలే, అవీ చిన్నవి, మూసి ఉన్న అల్మరాలో.

రెండో ప్రయత్నానికి కోల్డ్ ప్రెస్డ్ పొద్దుతిరుగుడు నూనె తీసుకున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. లేబుల్ మీద 'హై ఓలీక్' అని ఉంటే అది పేరుకి పొద్దుతిరుగుడే, లోపల గుణం ఆలివ్ నూనెకి దగ్గర. కుసుమ నూనెలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. పది రోజులు మోచేతి మడతలో రాస్తే ఏమీ రాలేదు. ముక్కు చుట్టూ, కనుబొమల దగ్గర దీన్ని కూడా వద్దన్నాను. అక్కడికి స్క్వాలేన్ ఇచ్చాను. అది ఆలివ్ నుంచి గానీ చెరకు నుంచి గానీ తీసిందే, కానీ కొవ్వు ఆమ్లాలు లేని హైడ్రోకార్బన్, కాబట్టి మలసీజియాకి మేతగా పనికిరాదు. మన సీబంలో ఉండే స్క్వాలీన్‌కి ఇది దగ్గరి చుట్టం, దానికంటే చాలా నిలకడైనది.

జోజోబా ఎందుకు ఇవ్వలేదని తోటి థెరపిస్ట్ ఒకరు అడిగారు. జోజోబా మంచిదే. నిజానికి అది ద్రవరూపంలో ఉన్న మైనం, అందుకే త్వరగా పాడవదు. కానీ దాంట్లో లినోలీక్ దాదాపు లేదు. ఈ ముఖానికి ముందు కావలసింది అదే అనిపించింది. కొబ్బరి నూనె అయితే ముఖానికి నేను ఇవ్వను, చాలామందిలో రంధ్రాలు పూడుకుపోతాయి.

రాసే పద్ధతి

ఇక్కడే ఎక్కువ సమయం గడిపాను, ఎందుకంటే ఈ కేసు అసలు మలుపు తిరిగింది ఇక్కడే. నూనెలో నీరు ఉండదు. నూనె చర్మానికి నీళ్లివ్వలేదు, ఉన్న నీళ్లను పోనివ్వకుండా కొంతవరకు ఆపగలదు. పూర్తిగా ఆరిన ముఖం మీద నూనె రాస్తే ఖాళీ గిన్నెకి మూత పెట్టినట్టే.

అద్దం ముందు ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ముఖం కడుక్కోమన్నాను. తువాలుతో రుద్దకుండా ఒక్కసారి అద్దమన్నాను. నీళ్లు కారకూడదు, కానీ వేలు పెడితే తడి తెలియాలి. ఆ తడి మీద గ్లిజరిన్ ఉన్న క్రీమ్ పల్చగా. అది పీల్చుకోకముందే, నిమిషంలోపు, మూడు చుక్కల నూనె అరచేతిలో వేసుకుని రెండు చేతులకీ పరచాలి. ముందు బుగ్గలకి అరచేతులు ఆనించి, అయిదు లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచాలి. తర్వాత గడ్డం. చేతికి మిగిలింది నుదుటికి. మెడకి వేరే రెండు చుక్కలు. కంటి రెప్పల మీద వద్దు. నూనె వెచ్చదనానికి తనంతట తానే పాకి కంట్లోకి పోతుంది, చూపు మసకబారుతుంది.

ఆవిడ చెయ్యి అలవాటుగా రుద్దడానికే పోతోంది. నేను నా చెయ్యి ఆవిడ చెయ్యి మీద వేసి ఆపాల్సి వచ్చింది. "ఇంత తక్కువా?" అని అరచేతులు చూసుకున్నారు. పది నిమిషాలయ్యాక ఒక టిష్యూ పేపర్ బుగ్గకి ఆనించి తీశాం. వేలి కొసంత మరక పడితే సరిపోయినట్టు, అంతకు మించితే ఎక్కువైనట్టు. ఆవిడకి సరిగ్గా వేలి కొసంతే పడింది.

మర్నాడు ఇంటి నుంచి ఫోన్. డ్రాపర్ రబ్బరు నొక్కడానికి వేళ్లు సహకరించడం లేదు, మూడు చుక్కలనుకుంటే ఎనిమిది పడుతున్నాయి. కీళ్లనొప్పులని మొదటి రోజే రాసుకున్నాను, అయినా డ్రాపర్ సీసా చేతికిచ్చాను. పంపు సీసాలోకి మార్చాం. మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఒక్క నొక్కు, మూడు చుక్కల నూనె. పెద్దవాళ్లకి ఏం రాయాలో చెప్పేటప్పుడు వాళ్ల చేతులు ఏం చేయగలవో కూడా చూడాలి.

పగలు నూనె లేదు. క్రీమ్, దాని మీద సన్‌స్క్రీన్. నూనె మీద సన్‌స్క్రీన్ సమానంగా నిలవదు. ఏ మొక్క నూనె అయినా ఎండ నుంచి కాపాడుతుందని నమ్ముకోవడానికి లేదు.

తొమ్మిదో వారం

ప్రతి రెండు వారాలకీ ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి ఫొటో తీశాం. ముఖం మీద నూనె మొదలుపెట్టింది అయిదో వారంలో. ఏడో వారానికి బిగుతు మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరిగింది. ఎనిమిదో వారంలో ఆవిడే అన్నారు, "నిన్న రాత్రిదాకా మొహం సంగతే గుర్తురాలేదమ్మా."

తొమ్మిదో వారంలో మళ్లీ మొదటికొచ్చింది. బుగ్గలు బిగదీసుకుపోయాయి, పొట్టు లేచింది. నూనె మార్చలేదట, కొలత మార్చలేదట. "నువ్వు చెప్పినట్టే చేశానమ్మా" అంటున్నారు. వరసగా చెప్పమన్నాను, మొదటి రోజు అడిగినట్టే. బంధువుల ఇంట్లో వారం ఉన్నారు. అందరూ ఒకే బాత్‌రూమ్ వాడుకోవాలి, కాబట్టి ముఖం కడుక్కుని బయటికి వచ్చి, కబుర్లు చెప్పి, పడుకునే ముందు గదిలో నూనె రాసుకున్నారు. అప్పటికి ముఖం ఎప్పుడో ఆరిపోయింది. క్రీమ్ ఇంట్లోనే మర్చిపోయారు.

అదే నూనె, అదే ఒక్క నొక్కు. మారింది కింద ఉండాల్సిన తడి, గ్లిజరిన్. రాత్రంతా ఏసీ గదిలో పడుకున్నారు కాబట్టి అందులో దాని వంతూ ఉండే ఉంటుంది, మొత్తం నెపం తడి మీదే వేయను. కానీ ఇంటికి వచ్చి మామూలు పద్ధతి మొదలుపెట్టిన అయిదో రోజుకి బిగుతు పోయింది. నేను ఎంత చెప్పినా అంతవరకూ ఆవిడకి ఆ తడి ఒక చిన్న నియమంలాగే అనిపించిందట. ఇప్పుడు చిన్న డబ్బాలో క్రీమ్ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటోంది. బయట ఎక్కడైనా పడుకోవాల్సి వస్తే, నూనె రాసే ముందు చేతులు తడిపి ముఖానికి అద్దుకుంటున్నారు.

పద్నాలుగో వారం

ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. పొట్టు లేదు, ఎరుపు లేదు. బుగ్గల మీద, కంటి కింద ఉన్న సన్నటి గీతలు బాగా మెత్తబడ్డాయి. అవి నీరు తక్కువై పడిన గీతలు. ముక్కు నుంచి నోటి పక్కకి దిగే లోతైన మడత మాత్రం మొదటి ఫొటోలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"ఇది పోలేదు కదా?" అని వేలు పెట్టి చూపించారు.

"పోదు మేడమ్. నూనెతో పోదు" అన్నాను. మెనోపాజ్ తర్వాత మొదటి అయిదేళ్లలోనే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఆ మడత కింద జరిగింది అది. పైపొర మీద పనిచేసే నూనె అంత లోతుకి వెళ్లి దాన్ని తిరిగి తేలేదు. కావాలంటే రెటినాయిడ్ (విటమిన్ ఎ రకానికి చెందిన పైపూత మందు) గురించి డెర్మటాలజిస్ట్‌ని అడగొచ్చని, ఇప్పుడు గోడ గట్టిపడింది కనుక తట్టుకునే అవకాశం మునుపటి కంటే ఎక్కువని చెప్పాను. మొదటి రోజు ముఖంతో రెటినాయిడ్ మొదలుపెట్టి ఉంటే మంటకి రెండు రోజుల్లో మానేసేవారు. ఆవిడ కాసేపు ఫొటో చూసి, "ఉండనీలే. మంట పోయింది, అది చాలు నాకు" అన్నారు.

ముక్కు పక్కన ఎరుపు మధ్యలో ఒకసారి తిరిగి వచ్చింది. సెబోరిక్ డెర్మటైటిస్ వస్తూ పోతూ ఉండేదే. డాక్టర్ చెప్పినట్టు మళ్లీ కొన్ని రోజులు మందు రాశారు, ఆ రోజుల్లో ఆ చోట స్క్వాలేన్ కూడా ఆపాం. మూడు నెలలకోసారి వస్తున్నారు. పోయినసారి పంపు సీసా వెంట తెచ్చారు. అడుగున మార్కర్‌తో తెరిచిన తేదీ రాసి ఉంది, మూడు నెలలు దాటి నాలుగు రోజులు. అరచేతిలో వేసి రుద్ది ఇద్దరం వాసన చూశాం. బాగానే ఉంది, అయినా ఆవిడ కొత్త సీసా తీసుకునే వెళ్లారు.